మార్పుకు కొలబద్ద ఏది?

చేతిలో ఉన్న వస్తువు బాగానే పనిచేస్తున్నప్పుడు, అంతకంటె మేలైనది బజారులోకి వచ్చిందన్న కారణం చేత దాన్ని విడిచిపెట్టవచ్చునా? వినడానికి ఇది చిన్న ప్రశ్నగానే ఉంటుంది. కాని ఉద్యోగం మార్చేటప్పుడూ, ఇల్లు మార్చేటప్పుడూ, ఆ మాటకు వస్తే దేశం మార్చేటప్పుడూ మనమందరం ఎదుర్కొన్నది ఈ ప్రశ్ననే. అప్పట్లో మనం చెప్పుకున్న సమాధానాలలో నిజమైనవి ఎన్నో, మనసుకు నచ్చచెప్పుకోవడానికి అల్లుకున్నవి ఎన్నో ఇప్పుడు తేల్చడం కష్టం. అందుచేత ఈ వ్యాసంలో మేము ఒక చిన్న ఉదాహరణ తీసుకుని విచారించదలచాము. అది మోటారు సైకిళ్ళ విషయం.

పండుగల వార్తలు, సాహిత్య వ్యాసాలు చదవడానికి అలవాటుపడిన పాఠకులు ఈ పుటలలో మోటారు సైకిళ్ళేమిటని ఆశ్చర్యపోవచ్చు. ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇక్కడ ఎక్కువ తక్కువలు అంకెలలో కనబడతాయి కనుక మాటల గారడీకి చోటు తక్కువ. రెండవది, ఇక్కడ తప్పుడు నిర్ణయానికి చెల్లించవలసిన మూల్యం డబ్బుతో పోయేది కాదు.

మా మిత్రులొకరు, ఏభై దాటిన ఇంజనీరు, ఇరవై ఏళ్ళకు పైగా హోండా కంపెనీవారి సూపర్ బ్లాక్‌బర్డ్ అనే బండి నడుపుతున్నారు. దాన్ని ఇచ్చివేసి సుజుకీవారి హయబుసా తీసుకోవాలని ఆయన సంకల్పం. వారి శ్రీమతికి ఇది ఇష్టం లేదు. మేము నలుగురం మధ్యవర్తులుగా కూర్చోవలసి వచ్చింది. రెండు మూడు ఆదివారాల చర్చలో తేలిన సంగతులూ, తేలకుండా మిగిలిన సంగతులూ తోటి సభ్యుల ముందు పెట్టడం మా ఉద్దేశం.

ముందుగా ఆ రెండు బండ్ల జాతకం చెప్పాలి. బ్లాక్‌బర్డ్‌ను హోండావారు 1996లో బయటపెట్టారు. ఇంజను 1137 సి.సి., శక్తి సుమారు 160 హార్స్ పవర్, వేగం గంటకు 178 మైళ్ళ దాకా. అంతకు ముందు వేగానికి పేరు మోసిన కవాసాకివారి బండిని దాటడమే దాని లక్ష్యం. ఒకప్పటి అమెరికా గూఢచారి విమానం ఎస్.ఆర్.71కు ఉన్న పేరే దీనికీ పెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి, 1999లో, సుజుకీవారు హయబుసాను తెచ్చారు. ఇంజను 1298 సి.సి., శక్తి 175 హార్స్ పవర్, వేగం 190 మైళ్ళకు పైమాటే. జపాను భాషలో హయబుసా అంటే బైరిడేగ. వేట మీదికి దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగం అందుకునే పక్షి అది. చిన్న పిట్టలు, అందులో నల్లపిట్టలు కూడా, దానికి ఆహారం. అంటే పోటీ పేరులోనే ఉన్నదన్నమాట.

పోల్చే పద్ధతిని గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాత కాగితాలలో బ్లాక్‌బర్డ్ బరువు 223 కిలోలనీ, తొలి హయబుసా బరువు 215 కిలోలనీ ఉంటుంది. అవి పెట్రోలు వగైరాలు పోయకుండా తూచిన పొడి బరువులు. 2021లో వచ్చిన హయబుసా బరువు 264 కిలోలని కంపెనీవారు చెబుతున్నారు. అది పెట్రోలు నింపి, రోడ్డు ఎక్కడానికి సిద్ధం చేసి తూచిన బరువు. ఈ భేదం గమనించనివారు బండి ఒక్కసారిగా ఏభై కిలోలు లావెక్కిందనుకుంటారు. కూరల దుకాణంలో ఒక తట్టకు ఒక రాయి, ఇంకో తట్టకు ఇంకో రాయి వేస్తే మనం ఊరుకోము. మనసు పడ్డ వస్తువు విషయంలో మాత్రం ఆ మోసం మనకు మనమే చేసుకుంటాము. కొత్తదాన్ని పొడిగా తూస్తాము, పాతదాన్ని తడిగా తూస్తాము. పాతదాని మరమ్మతుల ఖర్చు అణా పైసలతో గుర్తుంటుంది. కొత్తదానికి రాబోయే మరమ్మతులు లెక్కలోకే రావు. వచ్చిన దేశాన్నీ విడిచిన దేశాన్నీ పోల్చి మాట్లాడుకునేటప్పుడు కూడా మనలో చాలామంది చేసేది ఈ పనే. కొందరు ఇక్కడిదాన్ని పొడిగా తూస్తారు, కొందరు అక్కడిదాన్ని.

ఇక అసలు అంకె, వేగం. ఈ దేశంలో చట్టం అనుమతించే అత్యధిక వేగం గంటకు 85 మైళ్ళు. అది కూడా టెక్సాస్‌లో స్టేట్ హైవే 130 మీద ఒక భాగంలో, 2012 నుంచి. అంటే బ్లాక్‌బర్డ్‌కు ఉన్న వేగంలో సగం కూడా మనం న్యాయంగా వాడుకోలేము. హయబుసా దాన్ని మించింది నిజమే. ఆ మించిన భాగమంతా ఎవరూ అడుగుపెట్టకూడని చోట ఉన్నది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, లేని దారి మీద ఏ బండి ముందు పోతుందన్నది ఈ తగవు.

మా మిత్రులు ఈ మాటకు ఊరుకోలేదు. "వాడుకోని శక్తి అంతా దండుగేనా?" అని అడిగారు. ఆయన వాదంలో బలం ఉంది. 70 మైళ్ళ వేగంతో పోయేటప్పుడు పెద్ద ఇంజను రొప్పదు, రోజదు. లారీని దాటవలసి వస్తే ఎదురు చూడనక్కరలేదు. శ్రమ తక్కువ కనుక ఎక్కువ కాలం మన్నుతుంది. పైగా చక్కగా అమరిన యంత్రాన్ని నడపడంలో ఒక ఆనందం ఉంది. మంచి వీణ కొన్నవాణ్ణి, "మీరు కచేరీలు చెయ్యరు కదా, అంత వీణ ఎందుకు?" అని ఎవరూ అడగరు. డబ్బు సంగతి కూడా అంతే. 2022 మోడలు హయబుసా ధర సుమారు 18,600 డాలర్లు. ఆ డబ్బుతో ఊళ్ళో బడికి రెండు గదులు వేయించవచ్చునని మాలో ఒకరు అన్నారు. ఆ న్యాయం ప్రకారం మన కార్లూ, ఇళ్ళూ, నేలమాళిగలో చేయించుకున్న సినిమా హాళ్ళూ ఏవీ నిలబడవు. ఒక్క మోటారు సైకిలునే బోనులో నిలబెట్టడం ధర్మం కాదని ఆ వాదాన్ని అక్కడితో వదిలాము.

అయితే శక్తిని దగ్గర పెట్టుకోవడం తప్పు కాదని ఒప్పుకున్న తరువాత ఇంకొక ప్రశ్న మిగులుతుంది. దాన్ని ఆపడం వచ్చునా? భారతంలో యుద్ధం ముగిశాక అశ్వత్థామా అర్జునుడూ ఒకరి మీద ఒకరు అస్త్రాలు వేసుకున్న ఘట్టం మనకు తెలిసినదే. వ్యాసుడూ నారదుడూ అడ్డుపడి ఉపసంహరించమంటే అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కు తీసుకోగలిగాడు. అశ్వత్థామకు ప్రయోగం తెలుసు, ఉపసంహారం చేతకాలేదు. ఆ దెబ్బ పోయి తగిలింది ఉత్తర కడుపులో ఉన్న శిశువుకు. యుద్ధంతో ఏ సంబంధమూ లేని ప్రాణి అది. ఇద్దరికీ ఉన్నది ఒకే శక్తి. వాళ్ళలో హెచ్చుతగ్గులు నిర్ణయించింది ఆపగలిగే సామర్థ్యం.

మోటారు సైకిలు మీద ఇది పురాణం కాదు, లెక్క. వేగం రెట్టింపయితే, ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 60 మైళ్ళంటే సెకండుకు 88 అడుగులు. కన్ను చూసి, చెయ్యి కదిలేలోపలే బండి ఒక పెద్ద ఇంటి వెడల్పు దాటిపోతుంది. 

ఈ సంగతి తయారుచేసేవారికీ తెలిసింది. 2000లో కవాసాకివారు ఇంకా వేగమైన బండి తేబోతున్నారన్న వార్తలు, ఐరోపాలో ఇటువంటి బండ్లను నిషేధించాలన్న మాటలు వినవచ్చాయి. అప్పుడు కంపెనీలు తమలో తాము ఒక ఒప్పందానికి వచ్చి, గంటకు 300 కిలోమీటర్ల దగ్గర గీత గీసుకున్నాయి. అది ఏ చట్టమూ విధించినది కాదు. అంతా పుణ్యబుద్ధితో చేశారని మేము అనము. నిషేధం వస్తుందన్న భయం ఉండే ఉంటుంది. అయినా అది ఒక రకం ఉపసంహారమే. ఆ తరువాత హయబుసా చరిత్ర చూడండి. 2008లో ఇంజను 1340 సి.సి. అయింది, శక్తి 197కు పెరిగింది. 2013లో చక్రం బిగుసుకుపోకుండా చూసే యాంటీలాక్ బ్రేకులు వచ్చాయి. 2021లో వచ్చిన కొత్త బండి శక్తి 190. అంటే, తగ్గింది. దానికి బదులు, రోజూ వాడుకునే వేగాలలో ఇంజను సాఫీగా లాగేటట్లు చేశారు. బండి ఎంత వాలి ఉన్నదో కనిపెట్టి దానికి తగినట్లు బ్రేకునూ ఇంజనునూ అదుపు చేసే పరికరాలు పెట్టారు. ఇరవై ఏళ్ళు పోటీపడిన తరువాత తయారుచేసినవారే "ఎంత?" అన్న ప్రశ్న తగ్గించుకుని "ఎలా?" అన్న ప్రశ్నకు వచ్చారు. కొనేవారం మాత్రం ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాము.

ఈ కొలబద్దతో చూస్తే మార్పు వైపే మొగ్గు కనబడుతుంది. బ్లాక్‌బర్డ్‌లో చేతి మీట నొక్కినా, కాలి మీట నొక్కినా రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు ఉంది. ఆ కాలానికి అది గొప్పే. కాని దానికి యాంటీలాక్ బ్రేకులు ఎన్నడూ రాలేదు. 2007తో దాని తయారీ కూడా ఆగిపోయింది. అవే బండ్లను యాంటీలాక్ బ్రేకులతోనూ, అవి లేకుండానూ పోల్చి చూసిన అమెరికా ఇన్సూరెన్సు సంస్థల పరిశోధనలో, అవి ఉన్నవాటికి ప్రాణాంతక ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తక్కువని తేలింది. కనుక మా మిత్రుల శ్రీమతి కోరుతున్న క్షేమం దృష్ట్యానే కొత్త బండి మేలని ఆయన వాదించారు. మేము కూడా దాదాపు ఒప్పుకున్నాము.

అక్కడ ఆమె ఒక మాట అన్నారు: "మీరు రెండు బండ్లనూ పోల్చారు. నడిపే మనిషి రెండింటి మీదా ఒకడే అనుకుంటున్నారు. కాదు కదండీ!"

ఈ మాట ఎంత బరువైనదో చెప్పడానికి ఒక పాత నివేదికను ప్రస్తావించాలి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి, 1981లో నివేదిక ప్రచురించారు. ప్రమాదానికి ముందు బండ్ల వేగం, నడిమి లెక్కన, గంటకు 30 మైళ్ళ లోపే ఉన్నది. ఇంకొక వాహనంతో ఢీకొన్న సందర్భాలలో సుమారు మూడింట రెండు వంతులు, దారి ఇవ్వవలసిన ఆ రెండవ వాహనం ఇవ్వకపోవడం వల్ల జరిగినవి. దీనివల్ల ఇరుపక్షాల వాదాలకూ గండి పడుతుంది. "అంత వేగం పోయే బండి ఎందుకు, చావడానికా?" అనే పెద్దలు, ఆపద 190 మైళ్ళ దగ్గర కాక 30 మైళ్ళ దగ్గర, సందు మలుపులో కాచుకుని ఉన్నదని గ్రహించాలి. "నేను వేగం పోను లెండి" అనే కుర్రవాళ్ళు, ఆ హామీ చాలదని గ్రహించాలి.

అదే నివేదికలో మరొక సంగతి ఉంది. ప్రమాదానికి లోనైనవారిలో సగానికి పైగా ఆ బండి ఎక్కి ఐదు నెలలు కూడా కాలేదు. మోటారు సైకిళ్ళు నడపడంలో వారికి మొత్తం మీద దాదాపు మూడేళ్ళ అనుభవం ఉన్నది. అనుభవం బండ్ల మీద ఉన్నది, ఈ బండి మీద లేదు. నివేదిక వచ్చి నలభై ఏళ్ళు దాటింది. రోడ్లు మారాయి, బండ్లు మారాయి. కాని చేతికి అలవాటు పట్టడానికి కావలసిన కాలం మారిందని మేము అనుకోము.

మా దృష్టిలో ఈ చర్చ అంతటికీ కీలకం ఇదే. మార్పు అంటే మంచి వస్తువును పుచ్చుకోవడం మాత్రమే కాదు. మళ్ళీ ఓనమాల దగ్గర కూర్చోవడం. ఇరవై ఏళ్ళలో మా మిత్రుల వేళ్ళకు పాత బండి బ్రేకు ఎంత నొక్కితే ఎంత పట్టుతుందో తెలిసిపోయింది. ఆ జ్ఞానం ఏ కాగితం మీదా ఉండదు, అంకెల పట్టికలో దానికి గడి లేదు. బండితోపాటు దాన్నీ ఇచ్చివేస్తున్నాము. కొత్తది ఎంత మేలైనదైనా మొదటి నెలల్లో మనం దాని మీద తక్కువవాళ్ళమే. ఆ సంగతి మరచి, పాత బండి మీద సంపాదించిన ధీమాను కొత్త బండి మీదికి ఎక్కించడంలోనే ఆపద ఉన్నది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో పట్టాలు పుచ్చుకున్న మనం బస్సు ఎక్కడం, చెక్కు రాయడం నేర్చుకున్నాము. రోడ్డుకు ఏ పక్కన నడపాలో కూడా మొదటినుంచి నేర్చుకున్నాము. తెలియదని ఒప్పుకున్నవారు తొందరగా నిలదొక్కుకున్నారు. అక్కడ నాకు ఎంత గౌరవం ఉండేదో తెలుసా అని కూర్చున్నవారు చాలా కాలం బాధపడ్డారు.

ఇక వెనక సీటు సంగతి. తొలి రెండేళ్ళలో వచ్చిన హయబుసాలకు వెనక భాగాన్ని మోసే సబ్‌ఫ్రేము అల్యూమినియంతో చేశారు. వెనక మనిషీ, సామానూ కలిసి బరువు ఎక్కువైనప్పుడు కొన్నిటికి అది విరిగింది. 2001లో దాన్ని మార్చి ఉక్కుతో చేశారు; ఆ కాస్తకే నాలుగైదు కిలోల బరువు పెరిగింది. ఇంత గొప్ప యంత్రంలోనూ మొదట బలహీనంగా ఉండిపోయింది రెండవ మనిషిని మోసే భాగమే. యంత్రాన్ని సరిదిద్దారు. మన ఆలోచనలో ఆ భాగం ఇంకా అల్యూమినియమే. "నా ప్రాణం, నా ఇష్టం" అని కుర్రవాళ్ళు అంటారు. కాని ఇక్కడ మనకు పక్క వీధిలో మేనమామ లేడు, ఎదురింట్లో పిన్ని లేదు. ఒకరు ఆసుపత్రి మంచం ఎక్కితే ఇల్లంతా నిలిచిపోతుంది. పని వీసా మీద ఉన్నవారి సంగతి ఇంకా కష్టం. భార్యాబిడ్డలు ఈ దేశంలో ఉండే హక్కు కూడా ఆ ఒక్కరి ఉద్యోగాన్నే పట్టుకుని ఉంటుంది. వెనక సీటు ఖాళీగా కనబడినా, దాని మీద ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు.

మన పెద్దల భయానికి కూడా కారణం లేకపోలేదు. 2004లో వచ్చిన ధూమ్ అనే హిందీ సినిమాతో హయబుసా పేరు మన దేశంలో పిల్లల నోళ్ళలో పడింది. 2010లో నటుడు కోట శ్రీనివాసరావుగారి కుమారుడు, 2011లో క్రికెట్ ఆటగాడు అజారుద్దీన్ గారి కుమారుడు హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద మోటారు సైకిలు ప్రమాదాలలో పోయారు. రెండవ ప్రమాదంలో వెనక కూర్చున్న బంధువుల కుర్రవాడూ దక్కలేదు. ఇక్కడ కూడా, పందెపు బండ్ల పోలికతో చేసిన తేలిక బండ్లు నడిపేవారి మరణాలు మామూలు మోటారు సైకిళ్ళవారి కంటె సుమారు నాలుగు రెట్లని 2007లో ఇన్సూరెన్సు సంస్థలవారు లెక్క తేల్చారు. ఆ బండ్లు ఎక్కేవారిలో పిన్నవయసువారు ఎక్కువన్నది కూడా నిజం. అయితే భయపడి "వద్దు" అనే ఒక్క మాటతో తలుపు మూస్తే జరిగేది ఏమిటి? బండి స్నేహితుడి గరాజులోకి చేరుతుంది. తల్లికి తెలియదు, భార్యకు తెలియదు. మొదటి కబురు ఆసుపత్రి నుంచి వస్తుంది. రెండు బండ్లలో ఏది కొన్నా క్షమించవచ్చును గాని, చెప్పకుండా కొనడం మాత్రం ధర్మం కాదని మాలో అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

అలాగని క్షేమం ఒక్కటే కొలబద్ద కూడా కాదు. క్షేమమే పరమావధి అయితే మనలో ఎవరమూ విమానం ఎక్కి ఇంత దూరం రావలసింది కాదు. సాహసం లేని బ్రతుకును మన పెద్దలూ మెచ్చుకోలేదు. మేము అడిగేది ఇంతే. పోల్చేటప్పుడు రెండు తట్టలకూ ఒకే రాయి వెయ్యాలి. శక్తిని చూసి కొన్నా, ఆపడం నేర్చుకున్న తరువాతనే దాన్ని వాడాలి. మళ్ళీ విద్యార్థి కావడానికి సిగ్గుపడకూడదు. వెనక కూర్చున్నవారికి పూర్తి నిజం చెప్పాలి. ఇవి కుదిరినప్పుడు మార్పు తప్పు కాదు. కుదరనప్పుడు, పాతదాన్నే అట్టిపెట్టుకున్నా ఒప్పు కాదు.

మా మిత్రులు చివరకు బండి మార్చారు. మార్చేముందు, ముప్ఫై ఏళ్ళుగా నడుపుతున్న మనిషి, మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ పద్ధతిలో శిక్షణ ఇచ్చే చోట చేరి, తన కొడుకు వయసు పిల్లల మధ్య మైదానంలో నిలబడి బ్రేకు వెయ్యడం నేర్చుకున్నారు. ఆరు నెలల దాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదని నియమం పెట్టుకున్నారు. వారి శ్రీమతికి ఇప్పటికీ ఆ బండి అంటే ఇష్టం లేదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడతారు. ఆమెకు తెలియకుండా ఏదీ జరగలేదన్నది ఒక్కటే తేడా. ఆ తేడా చాలునా అంటే, మా నలుగురిలో ఇద్దరు చాలునన్నారు, ఇద్దరు చాలదన్నారు.

ఇంతకు మించి తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. మోటారు సైకిలు ముట్టని సభ్యులకు కూడా తమ తమ ఇళ్ళలో ఇటువంటి తగవులు ఉండే ఉంటాయి. ఉన్న ఉద్యోగం విడిచి కొత్తదానికి పోవాలనుకునేవారూ, ఇల్లు అమ్మి తిరిగి ఊరికి పోవాలనుకునేవారూ ఈ కొలతలను తమ విషయానికి అన్వయించుకుని చూడవచ్చు. ఎక్కడ సరిపోలేదో తెలియజేస్తే, వచ్చే సంచికలో ఈ చర్చను కొనసాగిస్తాము.